వంటింటి వస్తువులతో చర్మ సంరక్షణ: రాయదగినవి, రాయకూడనివి

(ఆరోగ్య కమిటీ, 9, 10 తరగతుల విద్యార్థినులు)

ఆదివారం వచ్చిందంటే మన హాస్టల్ నీళ్ళ తొట్టి దగ్గర ఎంత సందడిగా ఉంటుందో ఇప్పుడు చదువుతున్న చెల్లెళ్ళకూ తెలుసు, చదివి వెళ్ళిన అక్కలకూ తెలుసు. బట్టలు ఉతుక్కోవడం, తలస్నానాలు, ఒకరి జడ ఒకరు విప్పడం, ఆ తర్వాత ముఖాలకు పూతలు. ఒకరు ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు రాసుకుంటారు. ఒకరు వంట అక్కను బతిమాలి గుప్పెడు శనగపిండి తెస్తారు. ఇంకొకరు ఎక్కడో చూశానని నిమ్మచెక్క రుద్దుకుంటారు. ఎవరు ఏది చెబితే అది రాసుకోవడమే తప్ప, ఎందుకు రాస్తున్నామో, రాస్తే ఏమవుతుందో మనలో చాలామందికి తెలియదు. గత ఏడాది దాకా మాకూ తెలియదు.

గత ఏడాది మన హాస్టల్లో రెండు సంగతులు జరిగాయి. మా తోటి అమ్మాయి ఒకరి ముఖం పాడైంది. ఒక గది గదంతా గజ్జి పట్టింది. ఈ రెండింటిలోనూ మా తప్పు ఉంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండని వార్డెన్ మేడం గారు అడిగినప్పుడు, కథో కవితో కాకుండా ఈ పాఠం రాస్తామని చెప్పాము. పుస్తకాల్లో చదివినవి, సైన్సు టీచరు గారు చెప్పినవి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ గారు చెప్పినవి, మేము స్వయంగా చేసి చూసినవి ఇందులో రాశాము.

చర్మం గురించి నాలుగు మాటలు

మన శరీరంలో అన్నిటికంటే పెద్ద అవయవం చర్మం. పెద్దవాళ్ళ చర్మాన్ని విప్పి పరిస్తే సుమారు ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు ఉంటుంది. పై పొరను బాహ్యచర్మం అనీ, కింది పొరను అంతశ్చర్మం అనీ చదువుకున్నాము. బాహ్యచర్మం అడుగున కొత్త కణాలు పుట్టి, మెల్లగా పైకి జరిగి, చివరకు పొట్టులాగా రాలిపోతాయి. ఇదంతా జరగడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి మూడు రోజుల్లో చర్మం మారిపోతుందని ఎవరు చెప్పినా నమ్మకూడదు.

చర్మంలోని గ్రంథుల నుంచి నూనె, చెమట వచ్చి పైన పలుచని పొరలా ఏర్పడతాయి. ఈ పొర కొంచెం ఆమ్ల గుణం కలిగి ఉంటుంది. దీని పీహెచ్ విలువ 5కు అటూ ఇటూగా ఉంటుంది. చర్మంలోని తడి ఆరిపోకుండా, బయటి సూక్ష్మజీవులు సులువుగా లోపలికి రాకుండా ఇది కాపాడుతుంది. మనం ఏది రాసినా ఈ పొర చెడకుండా చూసుకోవాలి. ఇది ఒక్కటి గుర్తుంటే మిగిలిన పాఠమంతా సులువుగా అర్థమవుతుంది.

ఒక చిన్న ప్రయోగం

పదవ తరగతిలో ఆమ్లాలు, క్షారాలు పాఠం జరుగుతున్నప్పుడు టీచరు గారి అనుమతితో మనం ముఖానికి రాసుకునే వస్తువులను పీహెచ్ కాగితంతో పరీక్షించాము. నిమ్మరసం 2 దగ్గర చూపింది. పెరుగు 4కూ 5కూ మధ్య చూపింది. తినే సోడా నీళ్ళు 8 దాటాయి. బట్టల సబ్బు నీళ్ళు 10 చూపాయి. పీహెచ్ ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్ల గుణం పది రెట్లు పెరిగినట్టు. అంటే 5 దగ్గర ఉన్న చర్మం మీద 2 ఉన్న నిమ్మరసం పోస్తే, అది వెయ్యి రెట్లు ఎక్కువ ఆమ్లం అన్నమాట. ఈ లెక్క బోర్డు మీద వేసిన రోజు నుంచి మా తరగతిలో ఎవరూ నిమ్మచెక్క ముట్టుకోలేదు.

పీహెచ్ కాగితం లేనివాళ్ళు పసుపుతో చేసి చూడవచ్చు. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన తెల్ల కాగితం మీద సబ్బు నీళ్ళు చుక్క వేస్తే ఎర్రగా మారుతుంది. దాని మీద నిమ్మరసం వేస్తే మళ్ళీ పసుపు పచ్చగా అవుతుంది. పెళ్ళిళ్ళలో పసుపులో సున్నం కలిపి పారాణి చేయడం చూశాము కదా, ఇదీ అదే. మన అమ్మమ్మలకు ఈ రసాయన శాస్త్రం పేరు తెలియకపోయినా పని తెలుసు.

పసుపు: మన ఇంటి పంట

మన హాస్టల్లో చాలామంది ఆర్మూరు, బాల్కొండ, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళమే. పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, రోజుల తరబడి కళ్ళంలో ఎండబెట్టడం, డ్రమ్ములో వేసి తిప్పడం మనకు కొత్త కాదు. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు బస్తాలు వెళ్ళే రోజుల్లో సెలవు పెట్టి అమ్మానాన్నలకు సాయం చేసినవాళ్ళమూ ఉన్నాము.

పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం వల్ల దానికి ఆ రంగు, గుణం వచ్చాయి. అది కొమ్ములో నూటికి 2 నుంచి 5 పాళ్ళ వరకే ఉంటుంది. గాయాలు మాన్పడానికి పసుపు వాడడం మీద 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం వారికి పేటెంట్ ఇచ్చారు. ఇది మా దేశంలో ఎప్పటి నుంచో ఇంటింటా ఉన్న విద్య అని మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) 1996లో అభ్యంతరం చెప్పింది. పాత గ్రంథాలను, పత్రికల్లో అచ్చయిన వ్యాసాలను సాక్ష్యంగా చూపింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. మన వంటింటి డబ్బాలో ఉన్నదాని కోసం దేశం వాదించి గెలిచిందంటే మనకు గర్వమే.

అయితే పసుపు గెలిచింది కదా అని పసుపు అన్నిటికీ మందు అనుకోకూడదు. ఆ పొరపాటు మేము చేశాము. ఆ సంగతి ముందు చెబుతాము.

దుకాణంలో విడిగా అమ్మే పసుపు పొడిలో రంగులు కలుపుతారు. మెటానిల్ యెల్లో అనే రంగు, లెడ్ క్రోమేట్ అనే సీసం కలిసిన రంగు ప్రమాదకరమైనవి. గ్లాసు నీళ్ళలో చెంచా పొడి వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుగుకు చేరి నీళ్ళు లేత పసుపు రంగులో ఉంటాయి. నీళ్ళన్నీ ముదురు పసుపుగా మారితే దాన్ని అనుమానించాలి. ఇంటి దగ్గర కొమ్ములు కొట్టించి తెచ్చుకోవడం అన్నిటికంటే మంచిది.

తయారు చేసుకునే పద్ధతులు

ముందుగా ఒక మాట. హాస్టల్లో వచ్చే పెరుగు, శనగపిండి మనం తినడానికి వచ్చేవి. వాటిని ముఖానికి రాసుకోవడానికి అడగకూడదు. ఇంటికి వెళ్ళినప్పుడు చేసుకోవాలి, లేదా గదిలో అందరం తలా కొంచెం తెచ్చుకుని కలిపి చేసుకోవాలి. మేము అలాగే చేస్తున్నాము.

1. సున్నిపిండి: పెసలు అర కిలో, శనగపప్పు పావు కిలో, బియ్యం 100 గ్రాములు, ఎండబెట్టిన కమలాపండు తొక్కలు గుప్పెడు తీసుకోవాలి. అన్నీ రెండు రోజులు బాగా ఎండనిచ్చి గిర్నిలో మెత్తగా పట్టించాలి. జల్లించి రెండు చెంచాల పసుపు కలిపి, తడి లేని స్టీలు డబ్బాలో పెట్టాలి. తడి చెయ్యి పెడితే పురుగు పడుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు, ఒంటికి కొంచెం నూనె రాసుకున్నాక, పిండిని నీళ్ళతో కలిపి మెల్లగా రుద్దుకోవాలి. పిండి ఒంటి మీది జిడ్డును, మట్టిని పీల్చుకుంటుంది. నలుగు పెట్టడం అంటే ఇదే. గట్టిగా రుద్దితే ఎక్కువ శుభ్రమవుతుందని అనుకోవద్దు. పై పొర గీసుకుపోయి మంట పుడుతుంది.

2. పెరుగు, శనగపిండి పూత: జిడ్డు ముఖానికి ఇది బాగుంటుంది. రెండు చెంచాల శనగపిండి, ఒక చెంచా పెరుగు, చిటికెడు పసుపు కలిపి పలుచగా రాయాలి. పది నిమిషాలయ్యాక, పూర్తిగా ఎండి బిగుసుకుపోక ముందే చల్లటి నీళ్ళతో కడగాలి. పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం చాలా మెత్తనిది. రాలిపోవలసిన పొట్టును వదులు చేస్తుంది. వారానికి ఒక్కసారి చాలు.

3. చలికాలపు పొడి చర్మానికి నూనె: మన వైపు డిసెంబరు, జనవరి నెలల్లో చేతులు, పిక్కలు తెల్లగా పొలుసులు లేచి దురద పెడతాయి. స్నానం కాగానే, ఒళ్ళు పూర్తిగా తుడుచుకోకుండా కొంచెం తడి ఉన్నప్పుడే నాలుగు చుక్కల కొబ్బరి నూనె రాసుకోవాలి. నూనె కొత్తగా తడి తేదు, ఉన్న తడిని పోనివ్వదు. అందుకే పూర్తిగా ఆరిన ఒంటికి రాసినదానికంటే ఇలా రాసినది బాగా పనిచేస్తుంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. గడ్డకట్టిన నూనె కల్తీదని పారేయవద్దు. సీసాను కాసేపు ఎండలో పెడితే కరుగుతుంది. నువ్వుల నూనె కూడా వాడవచ్చు. మొటిమలు ఉన్న ముఖానికి మాత్రం కొబ్బరి నూనె రాయకూడదు. రంధ్రాలు మూసుకుని మొటిమలు పెరుగుతాయి.

4. పెదవులకు, మడమలకు మైనపు లేపనం: 25 గ్రాముల తేనెమైనం, 100 మిల్లీలీటర్ల కొబ్బరి నూనె తీసుకోవాలి. ఒక గిన్నెలో నీళ్ళు మరిగిస్తూ, అందులో ఇంకో చిన్న గిన్నె పెట్టి, ఆ వేడికి రెండూ కరిగించాలి. నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. కరిగాక చిన్న డబ్బాల్లో పోస్తే గట్టిపడుతుంది. పెద్దవాళ్ళు దగ్గర లేకుండా ఈ పని చేయవద్దు. పగిలిన మడమలను పావుగంట గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, నున్నటి రాయితో మెల్లగా రుద్ది, తుడిచి, ఈ లేపనం రాసి సాక్సులు వేసుకుని పడుకోవాలి. చలికాలంలో మేము మా గదికి ఒక డబ్బా చేసుకున్నాము. పగుళ్ళు నెత్తురు వచ్చేంత లోతుగా ఉంటే డాక్టరుకు చూపించాలి.

5. ఎండకు కమిలిన చర్మానికి కలబంద: కలబంద మట్టను కోయగానే లోపలి గుజ్జు తీసి రాసుకోకూడదు. కోసిన చోట పచ్చటి పాలు కారతాయి. వాటి వల్ల కొందరికి దద్దుర్లు వస్తాయి. మట్టను పావుగంట నిలబెట్టి ఆ పాలు కారనిచ్చి, బాగా కడిగి, చెక్కు తీసి, తెల్లటి గుజ్జు మాత్రమే రాయాలి. కీరదోస ముక్కలు కూడా చల్లదనం ఇస్తాయి. అయితే ఎండను ఆపే పూత వంటింట్లో ఏదీ లేదు. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు బయటికి వెళ్ళవలసి వస్తే గొడుగు, చున్నీ, నీడ, ఇవే మనకు రక్ష.

6. చెమటకాయలకు: చల్లటి నీళ్ళ స్నానం, వదులైన నూలు బట్టలు ముఖ్యం. పలుచని గంజి నీళ్ళలో కలిపి పోసుకుంటే దురద తగ్గుతుంది. ఆ రోజు వార్చిన గంజే వాడాలి. చెమటకాయల మీద నూనె రాస్తే చెమట దారులు ఇంకా మూసుకుపోతాయి.

ఏ పూత అయినా మొదటిసారి వాడేటప్పుడు మోచేతి లోపలి మడతలో రూపాయి బిళ్ళంత రాసి చూడాలి. ఒక రోజు ఆగి ఎరుపు, దురద, మంట లేకపోతేనే ముఖానికి రాయాలి. ఒకరికి పడినది ఇంకొకరికి పడాలని లేదు. కలిపిన పూత మిగిలితే పారేయాలి, రేపటికి దాచకూడదు. నిన్నటి పెరుగన్నం తినం కదా, నిన్నటి పూత ముఖానికి ఎందుకు?

ఏవి రాయకూడదు?

నిమ్మరసం: ఎంత ఘాటో పైన లెక్క చెప్పాము. అది చర్మం మీద ఉండగా ఎండలోకి వెళితే కొందరికి బొబ్బలు లేచి, నెలల తరబడి నల్ల మచ్చలు ఉండిపోతాయి. తెల్లబడాలని రాస్తే నల్ల మచ్చలు వస్తాయన్నమాట.

తినే సోడా: ఇది క్షారం. చర్మం మీది రక్షణ పొరను చెడగొడుతుంది. సోడా, నిమ్మరసం కలిపి రాస్తే బుస్సుమని పొంగుతుంది. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ మాత్రమే, శుభ్రం కాదు.

టూత్‌పేస్టు: మొటిమ మీద రాస్తే ఎండిపోతుందని మనలో చాలామంది నమ్మకం. పళ్ళు తోమడానికి వేసిన పదార్థాలు ముఖం చర్మానికి పడవు. మొటిమ ఎండేలోగా చుట్టూ చర్మం కాలి మచ్చ పడుతుంది.

పచ్చి వెల్లుల్లి: నూరి కట్టు కడితే నిప్పు కాలినట్టు బొబ్బలెక్కుతుంది.

పచ్చి బొప్పాయి పాలు: మాంసాన్ని మెత్తబరిచే గుణం ఉన్నది. చర్మాన్ని వదలదు.

చక్కెర, ఉప్పు గరుకు పలుకులు: మడమలకు పరవాలేదు, ముఖానికి రుద్దకూడదు.

కంచంలో ఉన్నదే అసలు పూత

డాక్టరమ్మ గారు ఒక మాట చెప్పారు. ముఖానికి రాసిన టమాటా కంటే తిన్న టమాటా చర్మానికి ఎక్కువ చేరుతుందట. నోటి మూలల్లో పగిలి పుండ్లు పడుతుంటే ఎక్కువగా బి విటమిన్లు, ఇనుము తక్కువయ్యాయని అనుమానించాలి. మోచేతుల మీద, తొడల మీద చర్మం ముళ్ళు ముళ్ళుగా గరుకుగా ఉంటే అది కూడా పోషకాహార లోపం కావచ్చు. ఇలాంటి వాటికి పైన ఏ పూత రాసినా తగ్గదు. మునగాకు, పాలకూర, గుడ్డు, పల్లీలు, ఉసిరికాయ, జామకాయ తినాలి. మెనూలో గుడ్డు వచ్చిన రోజు పక్కవాళ్ళకు ఇచ్చేయకుండా తినండి.

రంగు సంగతి

ఇప్పుడు మా మొదటి తప్పు చెబుతాము.

గత ఏడాది వార్షికోత్సవానికి కోలాటం నేర్చుకుంటున్నాము. వరసలు కట్టేటప్పుడు, "నల్లగున్నోళ్ళు ఎనుక నిలబడుర్రి, ఫోటో మంచిగొస్తది" అని ఒక మాట వచ్చింది. అన్నది బయటివాళ్ళు కాదు, మేమే. అందరం నవ్వాము. వెనక నిలబడిన అమ్మాయి కూడా నవ్వింది.

ఆ వారమే ఆ అమ్మాయి కాస్మెటిక్ ఛార్జీల డబ్బులతో ఒక మందుల దుకాణంలో ఒక క్రీము కొనుక్కుంది. చీటీ అడగలేదు, చీటీ లేదని వాళ్ళూ ఆపలేదు. రాసిన కొద్ది రోజులకే ముఖం తెల్లబడింది. మేమంతా ఆ క్రీము పేరు అడిగాము. రెండు నెలలకు ముఖం ఎర్రగా కంది, సన్నని నరాలు కనబడసాగాయి, గుంపులుగా మొటిమలు వచ్చాయి. మానేస్తే మంట, ఎండలోకి వెళితే మంట. పదిహేను రోజులు బడికి చున్నీ ముఖానికి చుట్టుకుని వచ్చింది. వార్షికోత్సవం నాడు కోలాటంలో వెనక వరసలో కూడా ఆ అమ్మాయి లేదు.

డాక్టరమ్మ గారు డబ్బా చూసి అందులో స్టెరాయిడ్ ఉందని చెప్పారు. స్టెరాయిడ్ క్రీములు కొన్ని చర్మ జబ్బులకు మంచి మందులే. కానీ డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. తెల్లబడాలని నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 2018లోనే 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఇంకా కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు. అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్ళి మూత్రపిండాలను చెడగొడుతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబడే క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చిందని డాక్టర్లు కనిపెట్టారు.

అసలు రంగు ఎక్కడి నుంచి వస్తుంది? బాహ్యచర్మంలో మెలనిన్ అనే వర్ణకాన్ని తయారు చేసే కణాలు ఉంటాయి. తెల్లగా ఉన్నవాళ్ళలోనూ నల్లగా ఉన్నవాళ్ళలోనూ ఆ కణాల సంఖ్య దాదాపు ఒకటే. అవి తయారు చేసే మెలనిన్ ఎంత, ఎలాంటిది అనే దానిలోనే తేడా. మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి చర్మాన్ని కాపాడే గొడుగు. పొలంలో పసుపు తవ్వే మన అమ్మానాన్నల ఒంటికి ప్రకృతి ఇచ్చిన గొడుగు అది. శనగపిండి మట్టిని తీస్తుంది, మెలనిన్‌ను తీయదు. తీయవలసిన అవసరమూ లేదు. తెల్లదనం పేరుతో ఏళ్ళ తరబడి అమ్ముడైన ఒక పెద్ద క్రీము కూడా 2020లో పేరులో నుంచి "ఫెయిర్" అనే మాట తీసేసుకుంది. మన నోటిలో నుంచి మనం తీసేయలేమా?

ఆ అమ్మాయి ఇప్పుడు కోలుకుంది. డాక్టరు చెప్పిన ప్రకారం మందు వాడింది, కొన్ని నెలలు పట్టింది. ఈ భాగాన్ని అచ్చుకు ఇచ్చే ముందు ఆమెకు చదివి వినిపించాము. పేరు వద్దంది, సంగతి రాయమంది.

వంటింటి వైద్యం చాలని చోట

మా రెండవ తప్పు గజ్జి. మా గదిలో 14 మందిమి. ఒక చెల్లికి వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ పొక్కులు వచ్చాయి. రాత్రి పూట దురద ఎక్కువ. వార్డెన్ మేడం గారికి చెబితే ఇంటికి పంపిస్తారేమోనని భయపడి, మేమే వేపాకు, పసుపు నూరి రాశాము. కొంచెం తగ్గినట్టు ఉండేది, మళ్ళీ వచ్చేది. అలా మూడు వారాలు దాచాము. ఆ తర్వాత 11 మందికి పాకింది. యూనిట్ పరీక్షల్లో రాత్రిళ్ళు నిద్ర లేక సగం మందికి మార్కులు తగ్గాయి.

గజ్జి మురికి వల్ల వచ్చే జబ్బు కాదు. కంటికి కనబడనంత చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. ఒకరి చర్మం ఒకరికి ఎక్కువసేపు తగలడం వల్ల, ఒకే దుప్పటిలో పడుకోవడం వల్ల పాకుతుంది. మొదటిసారి సోకినవాళ్ళకు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అంటే దురద లేనివాళ్ళలో కూడా పురుగు ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

డాక్టరమ్మ గారు గదిలో అందరికీ ఒకే రోజు పర్మెత్రిన్ 5 శాతం క్రీము రాయించారు. మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో కూడా రాసుకుని, రాత్రంతా ఉంచి ఉదయం స్నానం చేశాము. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. బట్టలు, దుప్పట్లు వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరేశాము. ఉతకలేని వాటిని సంచిలో మూటగట్టి వారం పాటు ముట్టుకోలేదు. మందు పనిచేశాక కూడా రెండు మూడు వారాలు కొంచెం దురద ఉండవచ్చని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. ఎవరినీ ఇంటికి పంపలేదు. మేము మూడు వారాలు దాచింది ఊరికే.

కింది వాటిలో ఏది కనబడినా పూతలు ఆపి, వెంటనే చెప్పాలి:

రాత్రి పూట పెరిగే దురద, పక్కవాళ్ళకు కూడా వస్తున్న పొక్కులు.
గుండ్రంగా అంచులు లేచి పెరిగే మచ్చ. ఇది తామర. దీని మీద స్టెరాయిడ్ క్రీము రాస్తే ఇంకా పాకుతుంది.
స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ. ఇది కుష్ఠు లక్షణం కావచ్చు. దీనికి మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, పూర్తిగా నయమవుతుంది.
చీము పట్టిన పుండ్లు, వాటితో పాటు జ్వరం.
మచ్చలు మిగిల్చే పెద్ద మొటిమలు.

మనం పెట్టుకున్న నియమాలు

ఎవరి తువ్వాలు వారిదే, ఎవరి సబ్బు వారిదే. తువ్వాలును గదిలో మూలన వేయకుండా ఎండలో ఆరేయాలి. ఆదివారం గోళ్ళు తీసుకోవాలి. చర్మం మీద ఏది వచ్చినా రెండు రోజుల్లో ఆరోగ్య కమిటీ అక్కకు చెప్పాలి. చెప్పినవాళ్ళను ఎవరూ వెక్కిరించకూడదు, మంచం దూరం జరపకూడదు. చీటీ లేకుండా ఏ క్రీమూ కొనకూడదు. గదిలో ఎవరినీ రంగు పేరుతో పిలవకూడదు. ఈ చివరి నియమం పాటించడం మాకే అన్నిటికంటే కష్టమైంది. నోటికి అలవాటైన పేర్లు అంత తొందరగా పోవు. పోయేదాకా ఒకరినొకరం సరిదిద్దుకుంటున్నాము.

వార్షికోత్సవానికి వచ్చే అక్కలకు మా విన్నపం. చెల్లెళ్ళకు ప్రేమతో క్రీములు, పౌడర్లు తెస్తుంటారు. వాటి బదులు ఒక కొబ్బరి నూనె సీసా, ఒక తువ్వాలు, ఒక గోళ్ళ కత్తెర తెస్తే ఏడాదంతా పనికొస్తాయి. మీ ఇళ్ళలో అమ్మమ్మలు, నానమ్మలు చేసే పూతలు ఉంటే మాకు చెప్పండి. పరీక్షించి చూసి, వచ్చే సంచికలో రాస్తాము.

ఈ ఏడాది కోలాటం వరసలు ఎత్తును బట్టి కట్టాము. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. గత ఏడాది వేదిక ఎక్కని మా స్నేహితురాలు పొట్టిది. మొదటి వరసలో నడిమధ్యన నిలబడుతుంది. వచ్చి చూడండి.